12,000 వాట్ల డబ్బా: విప్పి, కొలిచి, మళ్ళీ బిగించిన డైరీ

రోజు 1: లేబులు, మూత

బల్ల మీదున్నది ఒక 5.1 హోమ్ థియేటర్ యాంప్లిఫయర్, అంటే ఐదు బాక్సులకూ ఒక సబ్‌వూఫర్‌కూ కలిపి ఆరు చానళ్ళది. విజయవాడ బీసెంట్ రోడ్డులో, ఏలూరు రోడ్డులో నడుస్తుంటే ఇలాంటి డబ్బాలు వరసలు వరసలుగా కనిపిస్తాయి. ముందు వైపు ఎర్రగా "12,000 వాట్లు పీఎంపీఓ" అని స్టిక్కరు. వెనక వైపు మాత్రం ఫ్యూజు దగ్గర చిన్న అక్షరాల్లో "1 ఆంపియర్" అని ఉంది.

మూత తీయకముందే ఈ రెండు అంకెలకూ పొత్తు కుదరదని తెలిసిపోతోంది. 230 వోల్టుల దగ్గర 12,000 వాట్లు లాగాలంటే 52 ఆంపియర్లు కావాలి. మే నెలలో ఒకే ఇంట్లో ఒకటిన్నర టన్నుల ఏసీలు ఏడెనిమిది ఒకేసారి నడిపినంత లోడు అది. 1 ఆంపియర్ ఫ్యూజు 230 వాట్ల దగ్గర ఆగే సరుకు. ఫ్యూజు కాలిపోకుండా ఏళ్ళ తరబడి నడుస్తోందంటే, అబద్ధం చెబుతున్నది ఫ్యూజు కాదు.

పీఎంపీఓ, అంటే పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్‌కు ప్రమాణమంటూ లేదు. ఒక్క క్షణం పాటు వచ్చే శిఖరాన్ని తీసుకుని, చానళ్ళన్నీ కూడి, ఆపైన తోచినంత పెట్టి గుణిస్తారు. ఈ గోల మన దగ్గరే పుట్టలేదు. అమెరికాలో ఇలాంటి అంకెలు హద్దు మీరితే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే యాంప్లిఫయర్ వాట్లు ఎలా కొలవాలో రూలు పెట్టింది. 2024లో దాన్ని ఇంకా బిగించింది: 8 ఓములు, 20 నుంచి 20,000 హెర్ట్జ్, డిస్టార్షన్ 1 శాతం లోపు.

లోపలి సరుకు:

ఆరు టీడీఏ2030ఏ ఐసీలు, చానలుకు ఒకటి. దీని డేటాషీటు తెలియని మెకానిక్ ఉండడు. 4 ఓములకు సుమారు 14 వాట్లు, బాగా చూసుకుంటే 18. ఆరింటికీ కలిపి ఎంత సాగదీసినా వంద చిల్లర.

ట్రాన్స్‌ఫార్మర్ మీద "12-0-12, 5 ఆంప్స్" అని చేత్తో రాసిన కాగితం. 5 ఆంపియర్లంటే 120 వీఏ (వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చే ట్రాన్స్‌ఫార్మర్ సత్తా). కోరు, అంటే లోపలి ఇనుప దిమ్మ కొలిస్తే నడిమి కాలు 25 మిల్లీమీటర్లు, స్టాంపింగుల (ఇనుప రేకుల) మందం 32. అంటే 8 చదరపు సెంటీమీటర్లు. రేకుల మధ్య సందు, వార్నిషు తీసేస్తే 7.2. వైండింగ్ షాపుల్లో వాడే లెక్క ప్రకారం కోరు వైశాల్యాన్ని 1.15తో భాగించి వర్గం చేస్తే వీఏ వస్తుంది. ఇక్కడ వచ్చింది 39. 120 వీఏకి 12.6 చదరపు సెంటీమీటర్ల కోరు కావాలి. కాగితం మీద ఎన్ని ఆంప్సయినా రాయొచ్చు, ఇనుము మాత్రం అబద్ధమాడదు.

డయోడ్లు నాలుగూ 1ఎన్4007. వీటి రేటింగు 1 ఆంపియరే. ఫిల్టర్ కెపాసిటర్లు రెండు, ఒక్కోదాని మీద "4700 మైక్రోఫారడ్లు, 25 వోల్టులు". మీటరు పెడితే ఒకటి 3,150, ఇంకొకటి 3,300. ఎలక్ట్రోలిటిక్‌కు 20 శాతం తేడా మామూలే, దాన్ని ఒప్పుకున్నా 3,760కి తగ్గకూడదు. ఎలాగూ మార్చేదే కదా అని ఒకదాని ప్లాస్టిక్ తొడుగు బ్లేడుతో నిలువునా కోశాం. లోపల బొటనవేలంత డబ్బా, దాని చుట్టూ మడిచిన అట్టముక్క. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఇలాంటి దాన్ని చూసే పుట్టి ఉంటుంది.

రోజు 2: డమ్మీ లోడు, అసలు వాట్లు

స్పీకర్ బాక్సులు తగిలించి వాట్లు కొలవకూడదు. స్పీకర్ ఓములు ఫ్రీక్వెన్సీని బట్టి మారిపోతాయి, పైగా చెవులు పోతాయి. దానికి బదులు డమ్మీ లోడు: 8.2 ఓముల 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్లు పన్నెండు. రెండేసి సమాంతరంగా కలిపితే చానలుకు 4.1 ఓములు, 20 వాట్లు. పలక రాయి మీద వరసగా పెట్టి పైన టేబుల్ ఫ్యాను వేయాలి. ప్లైవుడ్ మీద పెడితే పది నిమిషాల్లో చెక్క మాడిన వాసన వస్తుంది.

సిగ్నలు ఫోనులోని టోన్ జనరేటర్ నుంచి, 200 హెర్ట్జ్. చాలామంది 1,000 హెర్ట్జ్ పెడతారు. చవక డీటీ830డీ మీటరు ఏసీని 400 హెర్ట్జ్ దాకానే సరిగా చదువుతుంది. అంతకన్నా పైన తక్కువ చూపించి, యాంప్లిఫయర్ మీద లేనిపోని నింద వేస్తుంది.

వేవ్ తల ఎక్కడ చదునవుతుందో చూడటానికి డీఎస్ఓ138 కిట్ స్కోపు (తరంగాన్ని తెర మీద గీసి చూపేది) చాలు, దాన్ని 9 వోల్టుల బ్యాటరీ మీదే నడపాలి. ఈ డబ్బాలో స్పీకర్ నెగటివ్, గ్రౌండు ఒకటే కనుక గొడవ లేదు. కానీ 4440 ఐసీని బ్రిడ్జి చేసిన బోర్డులు, టీపీఏ3116 లాంటి క్లాస్-డి బోర్డులు వేరు. వాటిలో స్పీకర్ రెండు తీగల్లో ఏదీ గ్రౌండు కాదు. కరెంటు మీద నడిచే స్కోపు గ్రౌండు క్లిప్పు అక్కడ తగిలిస్తే టప్పుమంటుంది, ఐసీ పోతుంది.

ఫలితాలు. లోడు లేనప్పుడు ఇంటి సాకెట్లో 238 వోల్టులు, సెకండరీ 13.4-0-13.4, రైళ్ళు (ఐసీలకు డీసీ అందించే ప్లస్, మైనస్ లైన్లు) ప్లస్-మైనస్ 18.1. ఇక్కడ ఒక చిక్కుంది. టీడీఏ2030ఏ 22 వోల్టుల దాకా తట్టుకుంటుంది, చివర ఏ లేని మామూలు 2030 మాత్రం 18 వరకే. రిపేరుకు వెళ్ళినప్పుడు ఏ లేని ఐసీ వేసి పంపితే, రాత్రి పదకొండు తర్వాత లైన్ వోల్టేజీ 245 దాటిన రోజున అది చచ్చిపోతుంది. "నెలకో ఐసీ పోతోంది" అని తిట్టుకునే సెట్లలో ముందు చూడాల్సింది ఇదే.

ఒక్క చానలే నడిపితే చదును కావడానికి ముందు 7.4 వోల్టులు. 7.4ను 7.4తో గుణించి 4.1తో భాగిస్తే 13.4 వాట్లు. డేటాషీటు చెప్పినంతా వచ్చింది, ఐసీ నిజాయితీపరురాలే.

ఆరూ కలిపి నడిపితే రైళ్ళు 18 నుంచి 10కి జారాయి. చానలుకు 3.8 వోల్టులు, అంటే 3.5 వాట్లు. ఆరింటికీ 21. గోడ దగ్గర పెట్టిన వాట్‌మీటరు చూపింది 70. మిగతా 49 వాట్లు ట్రాన్స్‌ఫార్మర్‌ని, హీట్‌సింకుని కాచాయి. రైలుకు 2.5 ఆంపియర్లు పోతున్నాయి కనుక ఒక్కో డయోడు మీద సగటున 1.25. 1 ఆంపియర్ డయోడ్లు కనుక నాలుగు నిమిషాలకే వాటి కింద బోర్డు గోధుమరంగుకు తిరిగింది. అక్కడితో ఆపేశాం.

లేబుల్లో 12,000, బల్ల మీద 21. చెప్పినదానిలో 570వ వంతు.

అయితే "సార్, ఇది పెడితే పక్క వీధికి వినపడుద్ది" అని షాపువాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. 1 వాటుకు మీటరు దూరంలో 88 డెసిబెల్స్ ఇచ్చే మామూలు బాక్సుకు 10 వాట్లు పెడితే 98 వస్తుంది. పది పన్నెండు అడుగుల హాల్లో అది కూర్చోనివ్వదు. వాట్లు రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి రెండింతలు అనిపించాలంటే వాట్లు పదింతలు కావాలి. అందుకే స్టిక్కరు మీద అంకె ఎంత పెంచినా ఇంట్లో ఎవరికీ తేడా తెలియదు, ఎవరూ తిరిగి అడగరు.

రోజు 3: "ఆక్సిజన్ ఫ్రీ" వైరు

డబ్బాతో పాటు అంటగట్టిన పారదర్శక స్పీకర్ వైరు. మీద "ఓఎఫ్‌సీ, 2.5 చదరపు మి.మీ., 50 పోగులు". ఓఎఫ్‌సీ అంటే ఆక్సిజన్ తీసేసిన రాగి. రాగి ప్రసరణను కొలిచే అంతర్జాతీయ కొలమానం 1913 నుంచి ఉంది. దాని మీద మామూలు కరెంటు వైరు రాగి 100 దగ్గర ఉంటే ఓఎఫ్‌సీ 101. తేడా ఒక్క శాతం. వైరును ఒక శాతం పొట్టిగా కత్తిరించినా అంతే లాభం.

అసలు పేచీ అది రాగేనా అన్నది. పరీక్ష నాలుగు మెట్లు.

సరిగ్గా ఒక మీటరు కోసి, తొడుగు ఒలిచి, పోగులు లెక్కపెట్టాం. 50 ఉన్నాయి. అక్కడికి నిజం.

మైక్రోమీటరులో ఒక్క పోగు 0.20 మిల్లీమీటర్లు. 2.5 రావాలంటే 0.25 ఉండాలి. 0.20 పోగులు 50 అయితే 1.57 చదరపు మిల్లీమీటర్లే.

నగల తూకం వేసే చిన్న డిజిటల్ త్రాసు మీద ఆ మీటరు ముక్క 5.7 గ్రాములు తూగింది. 1.57 చదరపు మిల్లీమీటర్ల రాగి అయితే 14 గ్రాములుండాలి. రాగి సాంద్రత 8.96, అల్యూమినియం 2.7. ఈ బరువుకు లెక్క 3.6 దగ్గర పడుతోంది. అంటే అల్యూమినియం మీద రాగి పూత, సీసీఏ అనే సరుకు.

నాలుగో మెట్టు చూపుకే. పోగును బ్లేడు వీపుతో గోకితే ఎర్ర తోలు కింద తెల్లగా మెరిసింది. గ్యాసు స్టవ్ మంట అంచులో పెడితే కుంగి చిన్న బొట్టుగా ముడుచుకుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. రాగికి 1,085 కావాలి, ఆ మంటలో ఎర్రగా కాలుతుందే గానీ కరగదు. సన్నపోగు కదా అని మంట మధ్యలోకి తోస్తే రాగి కూడా కరిగి తప్పుదారి పట్టించగలదు కనుక అంచులోనే ఉంచాలి.

రెసిస్టెన్సు కొలవడానికి మీటరును ఓముల మీద పెట్టొద్దు. ప్రోబుల సొంత ఓములే అరదాకా ఉంటాయి. ఫోను ఛార్జరు 5 వోల్టులు, నిన్నటి 4.1 ఓముల లోడు, ఆ తర్వాత పది మీటర్ల వైరు, దాని కొసలు కలిపి వరసలో పెట్టాం. 10 ఆంప్స్ రేంజిలో 1.13 వచ్చింది. వైరు మొదట రెండు తీగల మధ్య వోల్టేజీ 372 మిల్లీవోల్టులు. భాగిస్తే 0.33 ఓము. ఇదే పొడవు అసలైన 2.5 రాగికి 0.15 చుట్టూ వస్తుంది.

4 ఓముల బాక్సుకు 0.33 ఓము అంటే 0.7 డెసిబెల్ నష్టం, రాగికి 0.3. ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి: మూడు మీటర్ల వైరయితే ఈ సీసీఏతో పోయేది 0.2 డెసిబెల్. వినపడదు. వైరు మోసం బాక్సుకు తెలియదు, జేబుకు తెలుస్తుంది. వినపడేది వేరే తంటా. స్క్రూ టెర్మినల్లో బిగించినప్పుడు ఈ పోగులు పుటుక్కున తెగుతాయి, కృష్ణ ఒడ్డు తేమకు అల్యూమినియం ఆక్సైడు పట్టి ఏడాదికల్లా ఒక బాక్సు కరకరమంటుంది. దూరంగా ఉన్న వెనక బాక్సులకు ఎలక్ట్రికల్ షాపులో దొరికే ఐఎస్ఐ మార్కు 1.5 లేదా 2.5 రాగి వైరు రెండు పాయలు కలిపి మెలేస్తే చాలు.

రోజు 4: పవర్ కార్డు, స్టిక్కరు, ఖరీదైన ఫ్యూజు మాటలు

"ఆడియో గ్రేడ్" పవర్ కార్డు, దాని పక్కనే ట్రాన్స్‌ఫార్మర్ మీద అంటిస్తే "ధ్వని విచ్చుకుంటుంది" అనే బిళ్ళ స్టిక్కరు. కొద్దిపాటి ఇంగితం చాలు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో బయల్దేరిన కరెంటు కిలోమీటర్ల కొద్దీ అల్యూమినియం తీగ మీద వచ్చి, స్తంభం మీద కాకులు కూర్చునే వైరు దాటి, మీటరు బోర్డు దాటి, చివరి మీటరున్నరలో వెండి పూత చూసి శుద్ధి కాదు. అయినా కొలుద్దాం.

పద్ధతి నల్ టెస్టు. యాంప్లిఫయర్ అవుట్‌పుట్‌ను 10 కిలో ఓములు, 1 కిలో ఓముల డివైడర్ ద్వారా ఆడియో ఇంటర్‌ఫేసుకు (ధ్వనిని కంప్యూటరులోకి ఎక్కించే డబ్బాకు) తెచ్చి, ఒకే పాట ముక్కను రెండుసార్లు రికార్డు చేయాలి. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేరులో ఒకదాన్ని ఇన్వర్ట్ చేసి (తలకిందులు చేసి) రెండింటినీ కలిపితే ఒకేలా ఉన్నదంతా కొట్టేసుకుపోతుంది. తేడా ఏదుంటే అదే మిగులుతుంది.

ముందుగా చేయాల్సింది, ఎవరూ చేయనిది: ఏ మార్పూ లేకుండా, అదే కార్డుతో రెండు రికార్డింగులు. వాటి మధ్య మిగులు మైనస్ 71 డెసిబెల్స్, అంటే అసలు ధ్వని కన్నా 71 కింద. ఇది మన బల్ల హద్దు. తర్వాత ఆడియో గ్రేడ్ కార్డు: మైనస్ 71. స్టిక్కరు అంటించాక: మైనస్ 70. స్టిక్కరు పీకాక: మైనస్ 70. ఆ ఒక్క డెసిబెలు స్టిక్కరు మహిమ కాదు, ఐసీ వేడెక్కి గెయిన్ పిసరంత కదలడం. పీకాక కూడా అలాగే ఉంది కదా.

ఈ టెస్టులో బోల్తా పడే చోట్లు రెండు. 48,000 శాంపిల్ రేటులో రెండు రికార్డింగుల మధ్య ఒక్క శాంపిల్ జరిగినా 1,000 హెర్ట్జ్ దగ్గర ఏడున్నర డిగ్రీల తేడా వచ్చి మిగులు మైనస్ 18 దగ్గరే ఆగిపోతుంది. "అదిగో, కేబులు తేడా!" అని కేకేసే వీడియోల్లో చాలావాటి గుట్టు ఇదే. రెండోది వాల్యూము: 0.1 డెసిబెల్ తేడా ఉంటే మిగులు మైనస్ 39 దాటి దిగదు. పాట ఆడించేది, రికార్డు చేసేది ఒకే ఇంటర్‌ఫేసు కావాలి. వేర్వేరు అయితే రెండు గడియారాలు చెరో దారి నడుస్తాయి.

ఖరీదైన ఫ్యూజుల గురించి రాయడానికేమీ లేదు. అదీ ఇదే బల్ల మీద మైనస్ 71.

రోజు 5: కళ్ళు మూసి వినడం

మీటర్లకు అందనిది చెవికి అందుతుందంటారు. సరే, వినొచ్చు. షరతులు మాత్రం ఉండాలి.

రెండు వైరుల మధ్య డీపీడీటీ స్విచ్చి (రెండు తీగలనూ ఒకేసారి మార్చేది). స్విచ్చి మార్చే మనిషి నాణెం ఎగరేసి, తెర వెనక ఉండి, నోరు విప్పకుండా మార్చాలి. వినే మనిషి ఏది ఏదో చెప్పాలి. 16 సార్లు. గుడ్డిగా చెప్పినా 12 లేదా అంతకన్నా ఎక్కువ సరిపోయే అవకాశం 3.8 శాతం ఉంటుంది, కనుక 12కి తగ్గకుండా ఉంటేనే లెక్కలోకి. ఐదు సార్లలో నాలుగు సరిపోయాయని గంతులేయొద్దు. నాలుగు గానీ ఐదు గానీ ఊరికే కలిసొచ్చే అవకాశం దాదాపు ఐదింట ఒకటి.

వాల్యూము సమం చేయడమే సగం పని. ఎక్కువ గట్టిగా ఉన్నదాన్ని చెవి "స్పష్టంగా ఉంది, లోతుంది" అంటుందే తప్ప "గట్టిగా ఉంది" అనదు. 0.1 డెసిబెల్ లోపు సరిచేయాలంటే వోల్టేజీలో 1.2 శాతం. చవక మీటరులో 2.8కి తర్వాత 2.9, ఆ ఒక్క మెట్టే 0.3 డెసిబెల్. అందుకే ఆడాసిటీలో లెవెల్ చూసి సరిచేశాం.

సీసీఏకూ రాగికీ మధ్య, మూడేసి మీటర్లు, లెవెల్ సమం చేశాక, 16కి 9. లెవెల్ సమం చేయకుండా పది మీటర్లతో 16కి 13. కేబులు "ధ్వని" అనేది ఎక్కడుందో ఈ రెండు వరసలే చెప్పాయి.

ఇది పాత పద్ధతే. డేవిడ్ క్లార్క్ ఏబీఎక్స్ కంపారేటర్ (ఎక్స్ అనేది ఏనా, బీనా అని చెవితో చెప్పించే పరికరం) గురించి 1982లోనే ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ జర్నల్లో రాశారు. అదే జర్నల్లో 2007లో మేయర్, మొరాన్ హై రిజల్యూషన్ డిస్కుల ధ్వనిని సీడీ స్థాయికి దించి వినిపిస్తే 554 సార్లలో సరిగ్గా చెప్పింది 276. నాణెం కూడా అంతే చెబుతుంది. అదే ఏడాది, మోసాల గుట్టు విప్పే అమెరికా ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ వేల డాలర్ల స్పీకర్ కేబులును మామూలు కేబులు నుంచి చెవితో వేరు చేసి చూపితే పది లక్షల డాలర్లన్నాడు. పరీక్ష దాకా రాలేదు వ్యవహారం.

రోజు 6: డబ్బాకు వైద్యం

స్టిక్కరుకూ కార్డుకూ పోయే డబ్బు ఇక్కడ పెట్టాలి. ఆటోనగర్ వైండింగ్ షాపులో 12-0-12, నిజంగా 5 ఆంపియర్లు చుట్టించిన ట్రాన్స్‌ఫార్మర్. కోరు కొలిచి చూసుకునే తీసుకున్నాం: 12.8. పాతది 800 గ్రాములు, ఇది రెండు కిలోలకు దగ్గర. డబ్బా అడుగు రేకు కుంగకుండా కింద అల్యూమినియం పట్టీ వేయాల్సి వచ్చింది.

డయోడ్లు 1ఎన్5408, 3 ఆంపియర్లవి. వీటి కాళ్ళు లావు, బోర్డు రంధ్రాలను 1.3 మిల్లీమీటర్ల బిట్టుతో పెద్దవి చేయాలి. బోర్డుకు ఆనకుండా పావు అంగుళం ఎత్తులో సోల్డరు చేస్తే గాలాడుతుంది. కెపాసిటర్లు 4700 మైక్రోఫారడ్లు, 35 వోల్టులు, రైలుకు రెండు. కొనేటప్పుడు షాపులోనే మీటరు పెట్టి చూడాలి. బరువు చేతికి తెలియాలి, ఊదిన బుడగలా తేలికైనదాన్ని వదిలేయాలి.

హీట్‌సింకు దగ్గర ఒక పొరపాటుకు అందరూ లోనవుతారు. టీడీఏ2030 వీపు రేకు మైనస్ రైలుకు కలిసి ఉంటుంది. హీట్‌సింకు డబ్బా రేకుకు తగిలితే మైనస్ రైలు నేరుగా గ్రౌండులో పడుతుంది. ఐసీకి ఐసీకి మైకా వాషరు, స్క్రూకు ప్లాస్టిక్ బుష్, రెండు వైపులా పల్చగా తెల్ల పేస్టు. బిగించాక మీటరు బీప్ మీద పెట్టి ఆరింటినీ చూడాలి. మూడో ఐసీ దగ్గర బీప్ వినపడింది. మైకా కింద చిన్న లోహపు రవ్వ.

ఆరు చానళ్ళూ మళ్ళీ లోడు మీద: చానలుకు 5.6 వోల్టులు, 7.6 వాట్లు. మొత్తం 46. గోడ దగ్గర 125. రెండింతలు దాటింది. హీట్‌సింకు అరగంటకు 78 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం గది 38 ఉన్నప్పుడు ఐసీ తనంతట తాను ఆగిపోవచ్చు, కనుక వెనక రేకుకు 12 వోల్టుల ఫ్యాను, రెండు వరసల రంధ్రాలు.

రోజు 7: గుంయ్‌మనే శబ్దం

కెపాసిటర్లు మార్చాక హమ్ తగ్గింది గానీ పోలేదు. ఫోనులో స్పెక్ట్రమ్ చూస్తే శిఖరం 50 హెర్ట్జ్ దగ్గర. ఫిల్టరు తప్పయితే 100 దగ్గర ఉండేది, రెక్టిఫయర్ రెండు సగాలనూ వాడుకుంటుంది కాబట్టి. 50 అంటే ఎర్తు, గ్రౌండు వైపు చూడాలి.

సెట్‌టాప్ బాక్సు వెనక కేబుల్ టీవీ వైరు పీకగానే నిశ్శబ్దం. బయట స్తంభం నుంచి వచ్చే ఆ కోయాక్సు కవచం ఒక గ్రౌండు, ఇంటి ఎర్తు ఇంకో గ్రౌండు. రెండింటి మధ్య వోల్టేజీ తేడా ఆడియో తీగ కవచంలోంచి పారుతోంది. యాంప్లిఫయర్ ఎర్తు పిన్ను విరగ్గొడితే హమ్ పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ షార్టయిన రోజున వాల్యూము నాబ్ పట్టుకున్న మనిషీ పోవచ్చు, ఆ పని చేయొద్దు. సెట్‌టాప్ బాక్సుకూ యాంప్లిఫయర్‌కూ మధ్య ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాం, ఎడమకొకటి, కుడికొకటి.

సాకెట్లో న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య సాయంత్రం 11 వోల్టులు. రెండు మూడు దాటకూడదు. ఎండాకాలం ఎర్తు గుంత ఎండి పలకబారింది. రెండు బిందెల నీళ్ళు పోసి గంట ఆగితే 4కి దిగింది. పైపు చుట్టూ ఉప్పు, బొగ్గు మళ్ళీ నింపాలి. అది ఎలక్ట్రీషియన్ వచ్చే ఆదివారం పని. ఆ తర్వాత స్పీకర్ టెర్మినళ్ళ దగ్గర మిగిలిన హమ్ ఎన్ని మిల్లీవోల్టులో స్కోపుతో చూసి ఇక్కడే రాయాలి.